ఆరేళ్ళ పన్ను

తెల్లవారుజామున అయిదున్నర. దుమ్ముగూడెం దాటి చర్ల వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఆశ్రమ పాఠశాల అది. బోరింగు చుట్టూ పిల్లల సందడి. ఒకడు కొడుతుంటే ఇంకొకడు ముఖం కడుగుతాడు. అందరి నోళ్ళలోనూ వేపపుల్లలే. చెట్టెక్కి విరిచేవాడు ఒకడు, కింద నిలబడి ఏరుకునేవాళ్ళు పదిమంది. మాస్టారు కూడా వాళ్ళ మధ్యే నిలబడి పుల్ల నములుతూ ఉండేవారు. ఆయనకి ఊహ తెలిసినప్పటి నుంచీ పందుంపుల్లే. బ్రష్ కొనుక్కున్నది పెళ్ళయ్యాక, అదీ అత్తారింట్లో బాగుండదని!

''అడవి పిల్లలు... వీళ్ళ పళ్ళకేం భయం!'' అనేవారాయన. జొన్నన్నం, రాగి జావ, వేపపుల్ల. ఇంతకన్నా ఏం కావాలి?

ఇరవయ్యేళ్ళ కిందటి మాట ఇది. అప్పటికి భద్రాచలం ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉంది. ఆ ధీమా ఆయనకి ఒక్క రాత్రిలో పోయింది.

ఆరో తరగతిలో ఒక పిల్లవాడు. పదకొండేళ్ళు. మాట తక్కువ, లెక్కల్లో చురుకు. రెండు రోజులుగా పుస్తకంలో తల దూర్చుకుని కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం పళ్ళెం అలాగే వదిలేశాడు. ''ఏరా, ఏమైంది?'' అంటే ''ఏం లేదు సారూ'' అన్నాడు. నొప్పి అని చెబితే ఇంటికి పంపించేస్తారేమో, పరీక్షలు పోతాయేమో అని వాడి భయం. మర్నాటికి ఎడమ దవడ కాస్త ఉబ్బింది. మాస్టారు వంటమనిషి దగ్గర లవంగం తెప్పించి పంటి కింద పెట్టించారు. జ్వరం బిళ్ళ ఒకటి ఇచ్చారు. ''పాల పన్నేలేరా, ఊడిపోతే అదే తగ్గుతుంది'' అని ధైర్యం చెప్పారు.

ఆ రాత్రి పదకొండింటికి తోటి పిల్లలు వచ్చి తలుపు తట్టారు. వాచిన చోటు దవడ దాటి మెడ వైపు దిగింది. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. ఉమ్మి మింగలేక చొంగ కారుస్తున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. తెల్లారేదాకా ఆగుదామన్నారు ఎవరో. మాస్టారు ఆగలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క జీపునీ బతిమాలి, పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని భద్రాచలం బయల్దేరారు. గతుకుల రోడ్డు, రెండు పక్కలా అడవి. దారంతా ఆయన చెయ్యి వాడి ముక్కు దగ్గరే ఉంది, ఊపిరి ఆడుతోందా లేదా అని!

పాల పన్ను కాదు

సమయానికి చేరారు. సెలైను, ఇంజెక్షన్లు, చీము తీయడం... రెండు రోజులకి వాపు తగ్గింది. మూడో రోజు పంటి డాక్టరు ఆ పన్ను పీకి గాజు పలకలో పెట్టి చూపించారు. నడుమ నల్లటి గొయ్యి. అడుగున పొడుగాటి రెండు వేర్లు.

''మాస్టారూ, ఇది పాల పన్ననుకున్నారు కదూ? కాదు. ఆరేళ్ళప్పుడు వచ్చి అరవై ఏళ్ళు ఉండాల్సిన పన్ను ఇది.''

అప్పటికి గూడెం నుంచి తల్లి వచ్చింది. కొంగులో నాలుగు పది రూపాయల నోట్లు ముడేసుకుని, తెల్లవారకముందే నడక మొదలుపెట్టి వచ్చింది. కొడుకు లేచి కూర్చోవడం చూసి ఆమె ముఖం విప్పారింది. ''పన్ను పోతే పోయింది తియ్యి సారూ, పిలగాడు దక్కిండు. పాల పన్నే గదా... మల్లొస్తది'' అంది.

మాస్టారు ఏమీ అనలేకపోయారు. ముప్ఫై మందికి సైన్సు పాఠం చెప్పే మనిషికి కూడా తెలియని సంగతి ఆ తల్లికి ఎలా తెలుస్తుంది?

అసలు సంగతి ఇదీ. పాలపళ్ళు మొత్తం ఇరవై. ఆరో నెల దాటాక మొదలై, మూడేళ్ళు నిండేలోపు వచ్చేస్తాయి. ఆరేళ్ళు నిండేవేళకి ముందు పళ్ళు కదలడం మొదలవుతుంది. ఊడిన పన్ను చేతిలో పట్టుకుని పిల్లవాడు ఇల్లంతా తిరుగుతాడు కాబట్టి అది అందరికీ తెలుస్తుంది. సరిగ్గా అదే సమయంలో, వెనకాల, ఏ పన్నూ ఊడకుండా, చడీచప్పుడు లేకుండా ఒక పెద్ద దంతం మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు... మొత్తం నాలుగు. ఏదీ ఊడలేదు కనుక అవి కూడా పాలపళ్ళేనని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అక్కడే మోసపోతాం.

అన్నం నమిలే బరువంతా మోసేవి ఈ నాలుగే. కొత్తగా వచ్చినప్పుడు వాటి పై పొర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పైభాగంలో లోతైన గీతలుంటాయి. తిన్నది అందులో ఇరుక్కుంటుంది. పిల్లల చెయ్యి అంత వెనక్కి అందదు. కనుక ముందుగా పుచ్చేది ఇవే. ఒకటి పీకేస్తే ఆ ఖాళీలోకి వెనక పన్ను వాలుతుంది, ఎదుటి పన్ను జారుతుంది. నమలడం రెండో పక్కకి మారుతుంది. దాంతో ఆ పక్క అరుగుతుంది.

పుచ్చు మొదట్లో ఓ నల్లచుక్క. అప్పుడు నొప్పి ఉండదు. ఒక్కపూట పనితో నింపేయొచ్చు. చల్లనీళ్ళు జివ్వుమంటే పుచ్చు లోపలి పొరకి చేరిందని అర్థం. రాత్రిళ్ళు దానంతటదే పోటు మొదలైందంటే నరం దాకా వెళ్ళిందన్నమాట. అప్పటికీ రూట్‌కెనాల్ చేసి పన్ను నిలబెట్టే వీలుంటుంది. ఒక్కోసారి ఆ నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. తగ్గిందని సంబరపడతాం. నిజానికి లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది, చీము కింద దారి వెతుక్కుంటుంది. దవడ వాచి నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, వాపు మెడకి దిగినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. చీము మెడలోకి పాకితే ఊపిరికే అడ్డం పడుతుంది. వాపు మీద కాపడం పెట్టకూడదు. పంటిలో మాత్ర పొడి, పొగాకు కుక్కకూడదు.

గేటు దగ్గర డబ్బా కొట్టు

''రోజూ ఏం తింటాడు?'' అని అడిగారు డాక్టరు. మాస్టారు గర్వంగానే చెప్పారు... అన్నం, పప్పు, జావ. ''అవి సరే, మధ్యలో ఏం తింటాడు?'' అని మళ్ళీ అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, గేటు ఎదురుగా ఉన్న డబ్బా కొట్టు. అర్ధరూపాయి చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు, పాలిథిన్ కవర్లో రంగునీళ్ళు. ఇంటర్వెల్లో ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, ఆటలయ్యాక ఒకటి, రాత్రి దుప్పట్లో దాచుకుని ఒకటి.

పంటికి చేటు చేసేది ఎంత తీపి తిన్నామన్నది మాత్రమే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా. నోట్లో ఉండే సూక్ష్మక్రిములు చక్కెరని తిని ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పై పొరలోని ఖనిజాలను కరిగిస్తుంది. దాని జోరు తగ్గడానికి అరగంటో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. తర్వాత లాలాజలం ఆ ఖనిజాలను మళ్ళీ పంటికి చేరుస్తుంది. అంటే కరగడం, పూడడం రోజంతా జరిగే పనే. గంటకో చాక్లెట్ చప్పరించేవాడికి పూడే తీరికే దొరకదు. పండక్కి నాలుగు అరిసెలు భోజనంతో పాటు తినేసి నోరు కడుక్కున్నవాడి కన్నా, రోజంతా ఒక్కో బిళ్ళ చప్పరించేవాడి పళ్ళే ముందు పోతాయి.

ఇక రాత్రి. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. నోటికి కాపలా ఉండదు. పళ్ళసందున ఇరుక్కున్నదాంతో క్రిములకు తెల్లవార్లూ విందే. మన ఇళ్ళల్లో పొద్దున్నే ముఖం కడుక్కోకుండా కాఫీ తాగితే తప్పు పడతారు గానీ, రాత్రి పళ్ళు తోమకుండా పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. రెండింటిలో ఒక్కటే చేసే వీలుంటే రాత్రిదే చేయమంటారు దంతవైద్యులు.

అడవి కూడా మారిందని మాస్టారికి అప్పుడే అర్థమైంది. గూడెం పిల్లలు ఒకప్పుడు వేసవిలో ఇప్పపువ్వు, తునికి పళ్ళు, మొర్రి పళ్ళు తిన్నారు. అవీ తీపే. కానీ వాటికో రుతువుంది, అయిపోయేవి. డబ్బా కొట్టుకి రుతువు లేదు. తిండి మారిపోయింది, పుల్ల మాత్రం మారలేదు!

పుల్లదేం తప్పు లేదు

అలాగని వేపపుల్లని పారేయమన్నారా డాక్టరు? లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆచారంగా ఉన్నచోట్ల పుల్లతో తోముకోవడాన్ని ప్రోత్సహించవచ్చని 1986లోనే చెప్పింది. వేప, కానుగ, చవితి పత్రిలో కనిపించే ఉత్తరేణి... మన పెద్దలు వాడినవన్నీ పనికొచ్చేవే. అయితే పద్ధతి తెలియాలి.

చిటికెన వేలంత లావు, జానెడు పొడుగు లేత పుల్ల. చివర అరంగుళం నమిలి మెత్తటి కుంచెలా చేయాలి. చిగురు దగ్గర నుంచి పంటి కొస వైపు మెల్లగా దువ్వాలి. అడ్డంగా రంపంలా కోస్తే చిగురు కిందికి జరిగి పంటి మొదలు బయటపడుతుంది. లోపలి వైపులకీ, వెనక పళ్ళకీ పుల్ల అందదు. మనవాళ్ళు ముందు పళ్ళని పావుగంట తోమి, వెనకవాటిని మరిచిపోతారు. ఇంకో లోటు, పుల్లలో ఫ్లోరైడు ఉన్న పేస్టు పని జరగదు. కరిగిన పై పొర మళ్ళీ గట్టిపడటానికి తోడ్పడేది ఆ ఫ్లోరైడే. అందుకే 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడు పేస్టుని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పొద్దున పుల్ల నమిలే ఇష్టం ఉంటే నమలండి, రాత్రి మాత్రం మెత్తటి బ్రష్, పేస్టు వాడండి. ఇదీ డాక్టరు కుదిర్చిన రాజీ.

కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు... వీటితో మాత్రం ఆయన రాజీపడలేదు. తోమగానే తళతళ మెరుస్తాయి నిజమే. గిన్నెకి పీచు, బూడిద పెట్టి తోమినా మెరుస్తుంది. గిన్నె అరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. పంటి పై పొర ఒకసారి అరిగితే మళ్ళీ మొలవదు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నట్టు, మెరుపు కోసం చేతులారా అరగదీసుకుంటున్నాం.

బ్రష్ మీద నెత్తురు

పిల్లవాడి మంచం పక్కన కూర్చున్నప్పుడే మాస్టారు తన సంగతీ బయటపెట్టారు. ఏడాదిగా పళ్ళు తోముతుంటే నెత్తురు కనిపిస్తోంది. నొప్పి లేదు. అందుకని ఆ పక్క తోమడం మానేశారు!

డాక్టరు నవ్వలేదు. ''అందరూ చేసేది అదే మాస్టారూ. నెత్తురొచ్చేది తోమినందుకు కాదు, సరిగ్గా తోమనందుకు'' అన్నారు.

పంటి మొదట్లో పాచి పేరుకుంటుంది. తీయకపోతే కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. గారని బ్రష్ కదిలించలేదు. దాని ఒరిపిడికి, క్రిములకి చిగురు వాస్తుంది, ఎర్రబడుతుంది, ముట్టుకుంటే నెత్తురు కారుస్తుంది. ఇక్కడితో మేలుకుంటే పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అది మళ్ళీ రాదు. పుచ్చు లేని పన్ను కూడా కదిలి చేతికొచ్చేస్తుంది.

''గార తీయిస్తే పళ్ళు వదులవుతాయంటారు కదా?'' మాస్టారి అనుమానం. ఇది ఇంటింటా ఉన్న అనుమానమే. వదులైన పన్నుని గారే గోడలా పట్టి ఉంచుతుంది, అది తీయగానే అసలు సంగతి బయటపడుతుంది. వదులు చేసింది శుభ్రం చేయడం కాదు, అన్నేళ్ళు చేయకపోవడం. రక్త పరీక్ష చేయిస్తే మాస్టారికి చక్కెర జబ్బు కూడా బయటపడింది. చక్కెర ఎక్కువున్నవారిలో చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళు చెడితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఒకదానికొకటి ఆజ్యం పోసుకుంటాయి. అప్పటికే ఆయన కింది పళ్ళు రెండు దక్కలేదు. మిగిలినవి దక్కాయి. గర్భిణుల్లోనూ హార్మోన్ల మార్పుల వల్ల చిగుళ్ళు వాస్తాయి. బిడ్డ కోసమని పళ్ళ సంగతి వాయిదా వేయకుండా డాక్టరుకి చూపించుకోవడమే మంచిది.

ఆకు కోసే చేతులు

ఏప్రిల్, మే నెలల్లో ఆ గూడేలకి వెళితే ఇంటిల్లిపాదీ అడవిలోనే ఉంటారు. తునికాకు కోత. యాభై ఆకుల కట్ట కట్టి కల్లంలో అప్పగిస్తే చేతికి నాలుగు డబ్బులొస్తాయి. బీడీగా మారేది ఆ ఆకే. ఇటు గోదారి లంకల్లో చుట్ట పొగాకు పండుతుంది. బతుకు ఇచ్చే పంట కాబట్టి దాన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ నోటిని కాల్చేదీ అదే. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా... ఏ రూపంలో వెళ్ళినా చిగుళ్ళని గుల్ల చేస్తాయి, నోటి క్యాన్సర్‌కి దారి తీస్తాయి. పొగాకు లేదు కదా, వట్టి వక్కే కదా అనుకునే వీలూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో వక్కని కూడా క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. వక్క అలవాటుతో బుగ్గల లోపల పొర పీచులా బిగిసి, నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది.

బుగ్గ లోపలగానీ నాలుక పక్కనగానీ రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ లేదా ఎర్ర మచ్చ, కారం తగిలితే మంట... ఇవి కనిపిస్తే దాచుకోకుండా చూపించుకోవాలి. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే జబ్బు ఇది.

ఇంకో మచ్చ ఉంది. అది ఎవరి తప్పూ కాదు. పళ్ళ మీద సుద్ద గీతలు, పసుపు, గోధుమ రంగు మరకలు. మన దేశంలో నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ జబ్బుని 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ కష్టం అందరికీ తెలుసు. ఖమ్మం జిల్లాలోనూ కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువే. కొంచెం మేలు చేసేదే మోతాదు మించితే చెరుపు చేస్తుంది. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపే ఆ మరక పడుతుంది. కాబట్టి తోమితే పోదు. ఆ పిల్లల్ని ''పళ్ళు తోమవా?'' అని నలుగురిలో నిలదీయడం అన్యాయం. చేయాల్సిందల్లా చిన్నప్పటి నుంచీ సురక్షితమైన నీళ్ళు తాగించడం.

రాత్రి ఎనిమిదిన్నర గంట

పిల్లవాడితో బడికి తిరిగొచ్చాక మాస్టారు ఒక్కటే మార్పు తెచ్చారు. రాత్రి అన్నాలయ్యాక ఎనిమిదిన్నరకి గంట కొట్టించారు. అందరూ వరసగా బోరింగు దగ్గరికి రావాలి. జీతంలోంచి కొంత, ఊళ్ళోవాళ్ళు ఇచ్చింది కొంత వేసి బ్రష్‌లు కొన్నారు. కలిసిపోకుండా ఒక్కోదానికీ రంగు దారం చుట్టారు. శనగగింజంత పేస్టు. రెండు నిమిషాలు. గడియారం ఎవరి దగ్గరుంది? అందుకని ఒకటి నుంచి నూట ఇరవై దాకా పెద్ద పిల్లవాడు లెక్కపెట్టేవాడు. ఎక్కాలొచ్చినవాళ్ళు ఎక్కాలు చదివేవాళ్ళు. నురగ ఉమ్మేయాలి తప్ప బక్కెట్ల కొద్దీ నీళ్ళు పోసి పుక్కిలించకూడదు, పేస్టు మందు పంటి మీద కాసేపు ఉండాలి కాబట్టి. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ నోట్లో పెట్టకూడదు.

అంతా సవ్యంగా జరిగిపోలేదు. మొదటి నెలలో సగం బ్రష్‌లు పోయాయి. కొన్ని చెప్పులు తోమడానికి పనికొచ్చాయి! చలికాలంలో గంట కొడితే దుప్పట్లో నక్కేవాళ్ళు. డబ్బా కొట్టాయన మొదట గొడవపడ్డాడు. తన కూతురికీ పన్ను నొప్పి వచ్చాక, చాక్లెట్ల సీసా పక్కన వేయించిన పల్లీలు పెట్టాడు. చాక్లెట్ల సీసా అయితే తీయలేదు. అయినా ఏడాది తిరిగేసరికి పన్ను నొప్పితో రాత్రి తలుపు తట్టినవాళ్ళు లేరు.

మాస్టారు ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నారు. రిటైరై చాలా ఏళ్ళయింది. కట్టుడు పళ్ళు రెండు, సొంత పళ్ళు మిగతావి. ఆర్నెల్లకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తారు. మొన్న సంక్రాంతికి ఒక యువకుడు భార్యనీ, కూతుర్నీ తీసుకుని ఇంటికొచ్చాడు. నవ్వితే ఎడమ పక్క, కాస్త వెనగ్గా, ఒక ఖాళీ. మాస్టారు పోల్చుకున్నది ఆ ఖాళీతోనే.

''రామ్మా, కూర్చో'' అని ఆయన మాట్లాడబోతుండగానే అతను కూతుర్ని దగ్గరికి లాక్కుని, ''ఆ అనవే, తాతకు చూపియ్యి'' అన్నాడు.

ఆరేళ్ళ పిల్ల నోరు బార్లా తెరిచింది. ముందు పళ్ళు రెండు లేవు. వెనకాల, చిగురు చీల్చుకుని, అన్నం మెతుకంత తెల్లగా ఏదో తొంగి చూస్తోంది.

''ఆరేళ్ళ పన్ను సారూ. నిన్ననే కనపడ్డది'' అన్నాడతను.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, పిల్ల గడ్డం పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తుండిపోయారు.

ఇంటిల్లిపాదికీ...

* రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. రాత్రి తోమడం మానొద్దు.

* మెత్తటి బ్రష్ వాడాలి. మూడు నెలలకోసారి, కుచ్చు విచ్చుకుంటే అంతకన్నా ముందే మార్చాలి. ఒకరి బ్రష్ ఒకరు వాడకూడదు.

* మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళదాకా శనగగింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్ళ వరకు పెద్దవాళ్ళే దగ్గరుండి తోమించాలి. ఫ్లోరైడు నీళ్ళున్న ఊళ్ళలో డాక్టరుని అడిగి వాడాలి.

* పాలసీసా నోట్లో పెట్టి పిల్లల్ని నిద్రపుచ్చొద్దు.

* తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటే తినాలి, మధ్యమధ్యలో వద్దు.

* గుండుసూది, అగ్గిపుల్లతో పళ్ళసందులు పొడవద్దు. దారంతోగానీ సన్నటి బ్రష్‌తోగానీ శుభ్రం చేసుకోవాలి.

* ఆరేళ్ళు నిండిన బిడ్డని వెలుతురులో నోరు తెరిపించి చూడండి. వెనకాల కొత్త పన్ను కనిపిస్తే డాక్టరుకి చూపించి, గీతలు మూసే సీలెంటు పూత అవసరమా అని అడగండి.